బైండు పుస్తకంలో కౌబాయ్ కథలు దొరికాయి, ఏ పత్రికో చెప్పగలరా? పాత పల్ప్ కథల మీద చర్చ

బెజవాడ_బుక్‌వార్మ్
అందరికీ నమస్తే. మొన్న ఆదివారం లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల్లో తిరుగుతుంటే నల్ల క్యాలికో బైండింగ్‌తో ఒక లావుపాటి పుస్తకం కనిపించింది. వీపు మీద ఏమీ రాసి లేదు. లోపల అన్నీ ఇంగ్లీష్ కథలే, రెండు కాలమ్స్‌లో సన్న అచ్చు, కాగితం బెల్లం రంగులోకి తిరిగిపోయింది. షాపాయన 300 అన్నాడు నేను 100 అన్నా చివరికి 150కి తెగింది, ఇస్తూ ఇస్తూ "ముందు పేజీలు లేవు బాబూ, రేపొచ్చి గొడవ చెయ్యకు" అన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే బైండింగ్ చేసినాయన పైన అంచు బాగా కోసేశాడు, దాంతో పేజీల పైన ఉండే పత్రిక పేరు మొత్తం ఎగిరిపోయింది. ఒక కథలో ఇద్దరు కౌబాయ్‌లు, ఒకడు తాడిచెట్టంత పొడుగు, పేరు హ్యాష్‌నైఫ్, రెండోవాడు స్లీపీ. గుర్రాలేసుకుని ఊరూరా తిరుగుతూ పశువుల దొంగల్ని పట్టుకుంటుంటారు. వెనకాల పాఠకుల ఉత్తరాలున్నాయి, ఇంకో చోట జనం ప్రశ్నలడిగితే ఎవరో జవాబులిస్తున్నారు, కంచరగాడిద మీద సామాను ఎలా కట్టాలి, ఫలానా దేశంలో ఏ తుపాకీ పనికొస్తుంది, ఇలాంటివి. ఇదేం పత్రికండీ బాబూ? ఎవరికైనా తెలుసా?

అర్ధరాత్రి_చాయ్
వావ్ బ్రో 150కి కొట్టేశావ్ 😭 ఫోటోలు పెట్టు ముందు. ఇవి పల్ప్ మ్యాగజైన్స్ అయ్యుంటాయి. దెయ్యాల కథలేమైనా ఉన్నాయా అందులో?

గోదారి_మాస్టారు
బుక్‌వార్మ్ గారూ, మీరు చెప్పిన గుర్తులు చాలు. హ్యాష్‌నైఫ్ హార్ట్లీ, స్లీపీ స్టీవెన్స్ అంటే డబ్ల్యూ. సి. టటిల్ కథలు. ఆయన మోంటానా రాష్ట్రంలో పుట్టినవాడు, ఆ పశువుల లోకమంతా కళ్ళారా చూసినవాడు. ఆ జంట కథలు వేరే పత్రికల్లో కూడా వచ్చాయి గానీ ఆ ప్రశ్నలు జవాబుల శీర్షిక ఉందన్నారు చూడండి, అక్కడ దొరికిపోయింది. దాని పేరు 'ఆస్క్ అడ్వెంచర్'. పాఠకుల ఉత్తరాల శీర్షిక 'క్యాంప్-ఫైర్'. కాబట్టి మీ దగ్గరున్నది 'అడ్వెంచర్' పత్రిక. 1910 నవంబర్‌లో న్యూయార్క్‌లో మొదలైంది, ఆర్థర్ హాఫ్‌మన్ అనే ఎడిటర్ చేతిలో దాని పేరు మారుమోగింది, 1920ల్లో కొన్నేళ్లు నెలకి మూడు సంచికలు వేశారు.

ప్రశ్న పంపేవాళ్ళు జవాబు కోసం స్టాంపులంటించిన కవరు జతచెయ్యాలని అందులో రాసి ఉంటుంది, చూడండి ఒకసారి.

బెజవాడ_బుక్‌వార్మ్
మాస్టారూ మీకు దండం! ఉంది ఉంది, స్టాంపుల సంగతి ఉంది. క్యాంప్-ఫైర్ అనే మాట కూడా ఒక ఉత్తరంలో దొరికింది, నేనేదో చలిమంట గురించి రాశారనుకుని వదిలేశా 😅

ఇప్పుడు అసలు డౌట్. పల్ప్ అంటే ఏంటి మరి? అంటే చెత్త అనా?

గోదారి_మాస్టారు
పల్ప్ అంటే గుజ్జండీ. చెక్క గుజ్జు. మాట కాగితం నుంచి వచ్చింది, కథ నుంచి కాదు. ఫ్రాంక్ మన్సీ అని ఒకాయన 1882లో పిల్లల కోసం 'గోల్డెన్ ఆర్గోసీ' అని ఒక వారపత్రిక పెట్టాడు. తర్వాత 1896లో దాన్ని మొత్తం కథలతో నింపి అన్నిటికంటే చౌక కాగితం మీద వేశాడు. అక్కడ మొదలైంది ఈ సంప్రదాయం అంతా. ఏడంగుళాల వెడల్పు పదంగుళాల పొడవు, సుమారు 128 పేజీలు, పైన మాత్రం నిగనిగలాడే రంగుల అట్ట. ధర పది సెంట్ల నుంచి పాతిక సెంట్ల లోపు. నునుపు కాగితం మీద వచ్చే ఖరీదైన పత్రికల్ని 'స్లిక్స్' అనేవాళ్ళు, ఆ పత్రికలవాళ్ళు వీళ్ళని చిన్నచూపు చూసేవాళ్ళు.

నేను రాజమండ్రిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన రోజుల్లో మాకూ ఇదే తేడా ఉండేది, న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యేది ఒక కులం, మ్యాప్‌లితో అనే తెల్ల నునుపు కాగితం మీద అచ్చయ్యేది ఇంకో కులం. చెక్క గుజ్జులో ఉండే లిగ్నిన్ వల్ల, ఆమ్లం వల్ల కాగితం ముందు పసుపు, తర్వాత గోధుమ రంగు, ఆఖరికి అప్పడం. మీ పుస్తకం ఇప్పుడు అప్పడం స్టేజిలో ఉండుంటుంది. దయచేసి సెల్లోటేపు మాత్రం అంటించకండి, పుస్తకాన్ని పూర్తిగా తెరిచి బోర్లా నొక్కి జిరాక్సు తీయకండి. సగం తెరిచి ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

బెజవాడ_బుక్‌వార్మ్
అయ్యో నిన్న రాత్రే రెండు పేజీలకి టేపు వేశా 🤦

నల్గొండ_పోరడు
ఏమనుకోకుండ్రి గానీ నాకు అర్థం గాదు. గీ కౌబాయ్ కథలల్ల ఏమున్నది? ఒక ఊరు, ఒక బార్, ఒక షెరీఫ్, ఒక విలన్, చివరికి ఢాం ఢాం. నేను రెండు మూడు చదివిన, అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. పదానికి ఒక సెంటు చొప్పున రాసినోళ్ళు ఎట్ల రాస్తరు? పదాలు పెంచుకుంట పోతరు. మనకాడ సీరియల్ లెక్కనే, హీరోయిన్ మెట్లు దిగేసరికి వారం అయితది.

కడప_కారందోశ
పోరడు అన్నా నువ్వు సగం కరెక్టు సగం తప్పు. పదానికి ఇంత అని ఇచ్చేది నిజమే, కానీ ఎడిటర్లు ఊరికే సాగదీస్తే తిప్పి కొట్టేవాళ్ళు. ఎల్మోర్ లియొనార్డ్ కథ 'త్రీ-టెన్ టు యూమా' 1953 మార్చిలో 'డైమ్ వెస్టర్న్ మ్యాగజైన్'లో వచ్చింది కదా, పదానికి రెండు సెంట్లు, మొత్తం 4500 పదాలు, చేతికి 90 డాలర్లు. అంతే. అది చదువు ఒకసారి. ఒక ఆఫీసరు, ఒక ఖైదీ, ఒక హోటల్ గది, రైలొచ్చేదాకా ఎదురుచూపులు. కథలో చాలా భాగం ఇద్దరు కూర్చుని మాట్లాడుకునేదే. ఢాం ఢాం ఆఖర్లో కొంచెమే. దానిమీద రెండుసార్లు సినిమా తీసినారు, రైటర్‌కి పత్రిక ఇచ్చింది మాత్రం ఆ 90 డాలర్లే.

ఇంకొకటి, ఫ్రెడరిక్ ఫాస్ట్ అని ఒకాయన ఉండె, మాక్స్ బ్రాండ్ అనే పేరుతో ఫేమస్. 'వెస్టర్న్ స్టోరీ మ్యాగజైన్' 1919లో మొదలైంది, దాంట్లో ఒకే సంచికలో రెండు మూడు పేర్లతో ఈయనే రాసేవాడంట. ఆయనకి మనసంతా కవిత్వం మీద, గ్రీకు పురాణాల మీద. కౌబాయ్ కథలు రాసిన డబ్బుతో ఇటలీలో ఫ్లోరెన్స్‌లో పెద్ద విల్లా తీసుకుని ఆడ కూర్చుని టెక్సాస్ ఎడారి గురించి రాసినాడు 😂 ఆఖరికి 1944లో వార్ రిపోర్టర్‌గా పోయి అదే ఇటలీలో యుద్ధంలో చనిపోయినాడు.

నల్గొండ_పోరడు
ఫ్లోరెన్స్‌ల కూసొని టెక్సాస్ కథలా? అంటే నేను చెప్పిందే గదా అక్కా, చూడకుంట రాసిన్రు.

కడప_కారందోశ
టటిల్ చూసి రాసినాడు కదా, మాస్టారు ఇప్పుడే చెప్పినారు. వాల్ట్ కోబర్న్ అని ఇంకొకడు, వాళ్ళ ఇంట్లో మోంటానాలో పశువుల రాంచ్ ఉండె, నిజం కౌబాయే. చూసినోడూ రాసినాడు చూడనోడూ రాసినాడు. మనకి 1971లో కృష్ణ సినిమా వచ్చేదాకా కౌబాయ్ అంటే ఏందో ఎంతమందికి తెలుసు? గుర్రం, టోపీ, నిధి. మనోళ్ళు మాత్రం చూసి తీసినారా ఏంది 😄

అర్ధరాత్రి_చాయ్
అబ్బా ఎవరూ హారర్ గురించి మాట్లాడట్లేదు, నేను మొదలుపెడతా. వియర్డ్ టేల్స్!! 1923 మార్చి, చికాగో, పాతిక సెంట్లు. ఓనర్ హెనెబర్గర్. మొదటి ఏడాదే అప్పుల్లో మునిగింది, 1924లో మే జూన్ జూలై మూడు నెలలకి కలిపి ఒకే లావు సంచిక వేశారు. దాంట్లో హూడినీ పేరుతో ఒక ఈజిప్ట్ కథ ఉంటుంది, అదే సంకెళ్ళు తెంచుకునే మెజీషియన్ హూడినీ. రాసింది మాత్రం లవ్‌క్రాఫ్ట్ అనే హారర్ రైటర్. టైప్ చేసిన కాపీ మొత్తం ప్రావిడెన్స్ రైల్వే స్టేషన్లో పోగొట్టుకున్నాడు, అదీ పెళ్ళి కోసం న్యూయార్క్ వెళ్తూ! లక్కీగా చేతిరాత కాపీ దగ్గరుంది కాబట్టి హనీమూన్‌లో కూర్చుని కొత్త పెళ్ళాంతో కలిసి మళ్ళీ టైప్ చేశాడు. ఇంతకంటే హారర్ ఏం కావాలి ఆ అమ్మాయికి.

లవ్‌క్రాఫ్ట్ ఫేమస్ కథ 'కాల్ ఆఫ్ కుతూలు' 1928 ఫిబ్రవరిలో వచ్చింది, దాన్ని కూడా ఎడిటర్ ఫార్న్స్‌వర్త్ రైట్ మొదట వద్దని తిప్పి పంపాడు. ఆ ఎడిటర్ టేస్ట్ భలే విచిత్రం, వద్దన్నవన్నీ తర్వాత క్లాసిక్స్ అయ్యాయి, కానీ చివరికి వేసింది కూడా ఆయనే.

కడప_కారందోశ
చాయ్ తమ్ముడూ వియర్డ్ టేల్స్ అంటే నేను ఆడవాళ్ళ గురించి చెప్పాల. సి. ఎల్. మూర్ అని, ఇండియానాపొలిస్‌లో బ్యాంకులో పనిచేసే అమ్మాయి, 'షాంబ్లో' అనే కథ పంపింది, 1933 నవంబర్లో వేసినారు. పేరు పొట్టిగా పెట్టుకునేది మగాడనుకోవాలని కాదంట, పక్క సంపాదన ఉందని బ్యాంకోళ్ళకి తెలిస్తే ఉద్యోగం పీకేస్తారని భయం! అది 1930ల ఆర్థిక మాంద్యం టైము కదా. అట్లే కవర్ బొమ్మలేసిన మార్గరెట్ బ్రండేజ్, ఎం. బ్రండేజ్ అని సంతకం పెట్టేది, సుద్దల్లాంటి ప్యాస్టెల్స్‌తో బొమ్మ, ఒక కవర్‌కి 90 డాలర్లు. ఆ గుడ్డల్లేని బొమ్మల్ని చూసి తిడుతూ ఉత్తరాలు రాసిన పెద్దమనుషులకి వేసింది ఆడమనిషని చాలా రోజులు తెలీదు.

మన దగ్గర 70ల్లో రివర్స్. వీక్లీల్లో ఆడవాళ్ళ నవలలకి గిరాకీ అని మగాళ్ళే ఆడపేర్లు పెట్టుకుని రాసినారు.

లోన్‌స్టార్_తెలుగు
చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యా ఈ థ్రెడ్ చూసి. నేను డాలస్ దగ్గర ఉంటా. కౌబాయ్, హారర్, అడ్వెంచర్ ఇలా మూడు డబ్బాలుగా విడదీసి మాట్లాడుకుంటున్నారు గానీ ఈ మూడూ ఒకే మనిషి రాశాడు, ఒకే గదిలో. రాబర్ట్ ఇ. హోవర్డ్. కోనన్ సినిమా చూసుంటారు, ఆ కోనన్‌ని పుట్టించినాయన.

వాళ్ళ ఊరు క్రాస్ ప్లెయిన్స్, మా ఇంటి నుంచి మూడు గంటల లోపు డ్రైవ్. రెండేళ్ళ కింద మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళా, ఆయన "ఇంత దూరం వచ్చి చూసేది ఈ పెంకుటిల్లా" అన్నట్టు మొహం పెట్టారు 😄 తెల్ల రంగు చెక్క ఇల్లు, ఇప్పుడు మ్యూజియం చేశారు. హోవర్డ్ గది అంటే నిజానికి గది కాదు, వరండాకి గోడలు కట్టి మూసేశారు, అంతే. మంచం, టైపురైటర్ బల్ల పెడితే మనిషి పక్కకి తిరిగి నడవాలి. గదికీ వాళ్ళమ్మ గదికీ మధ్య కిటికీ. ఆమెకి క్షయ, ఏళ్ళ తరబడి మంచంలో. ఈయన రాసేటప్పుడు గట్టిగా డైలాగులు పైకి చదువుతూ టైప్ చేసేవాడట, పక్కింటివాళ్ళకి వినపడేదట రాత్రుళ్ళు. ఊళ్ళోవాళ్ళకి పిచ్చోడిలా కనపడుంటాడు, డాక్టరుగారి అబ్బాయి ఉద్యోగం సద్యోగం లేకుండా ఇంట్లో కూర్చుని అరుస్తుంటే ఏమనుకుంటారు మరి.

ఇక్కడే బుక్‌వార్మ్ గారి పుస్తకానికి లింకు ఉంది. ఈయనకి 15 ఏళ్ళప్పుడు చేతికి దొరికిన పత్రిక 'అడ్వెంచర్'. అక్కడ హెరాల్డ్ లాంబ్, టాల్బాట్ మండీ కథలు చదివి పిచ్చెక్కిపోయి తను కూడా అడ్వెంచర్‌కే కథలు పంపాడు. వాళ్ళు వెనక్కి కొట్టారు. పంపుతూనే ఉన్నాడు, కొడుతూనే ఉన్నారు.

బెజవాడ_బుక్‌వార్మ్
అయ్యో. మరి ఎక్కడ వేశారు చివరికి?

లోన్‌స్టార్_తెలుగు
వియర్డ్ టేల్స్‌లో. 1925 జూలైలో మొదటి కథ, అమ్ముడుపోయేటప్పటికి 18 ఏళ్ళు. అసలు విషయం చెప్తా వినండి. ఈయన ఒక రాజు కథ రాశాడు, కుల్ అనే రాజుని చంపడానికి కుట్ర జరుగుతుంది, గొడ్డలి పట్టుకుని అందర్నీ నరుకుతాడు, పక్కా అడ్వెంచర్ కథ. ఆర్గోసీ వద్దంది, అడ్వెంచర్ కూడా వద్దంది. కొన్నేళ్ళు పెట్టెలో పడి ఉంది. తర్వాత అదే కథ బయటికి తీసి, రాజు పేరు కోనన్ అని మార్చి, మధ్యలో ఒక మాంత్రికుణ్ణీ ఒక భూతాన్నీ దించి వియర్డ్ టేల్స్‌కి పంపాడు. 1932 డిసెంబర్లో అచ్చు. అదే మొదటి కోనన్ కథ. అంటే భూతాన్ని కలిపాకే కథ అమ్ముడుపోయింది!

నా పాయింట్ ఏంటంటే ఈ వెస్టర్న్, హారర్, అడ్వెంచర్ అనే గోడలు రైటర్లవి కావు, కొనేవాళ్ళవి. ఇంట్లో బియ్యం కొనాలి కాబట్టి ఏ షాపువాడు ఏ సరుకు తీసుకుంటే ఆ సరుకు కింద కట్టి పంపారు. అందుకే గోడ కారిన చోట కథ బాగుంటుంది.

నల్గొండ_పోరడు
గీ మాట బాగున్నదన్న. గోడ కారిన కథ ఒకటి చెప్పు, గదే చదువుత. దెయ్యం ఉండాలె, గుర్రం ఉండాలె, చిన్నగ ఉండాలె.

లోన్‌స్టార్_తెలుగు
'ద హారర్ ఫ్రమ్ ద మౌండ్', వియర్డ్ టేల్స్ 1932 మే. పోరడు తమ్ముడూ నీ కోసమే రాసినట్టుంటుంది. స్టీవ్ బ్రిల్ అని ఒక మాజీ కౌబాయ్, పశువులు వదిలేసి పశ్చిమ టెక్సాస్‌లో పొలం కౌలుకి చేసి నష్టపోయి ఉంటాడు. ఆ పొలంలో ఒక మట్టి దిబ్బ. పక్కనుండే మెక్సికన్ ముసలాయన హువాన్ లోపెజ్ రోజూ ఆ దిబ్బ దగ్గరికి రాగానే దారి వదిలేసి చుట్టు తిరిగి పోతుంటాడు. ఎందుకని అడిగితే చెప్పడు, ప్రమాణం చేశానంటాడు, నోటితో చెప్పను కానీ రాసిస్తానంటాడు. బ్రిల్‌కి లోపల స్పానిష్ బంగారం ఉందేమోనని ఆశ. పార తీసుకుని పోతాడు. మిగతాది చెప్పను.

మన ఊళ్ళలో కూడా ఇలాంటి దిబ్బలు ఉంటాయి కదా, లంకెబిందెలున్నాయని పగలంతా చెప్పుకుని రాత్రికి అటు ఎవరూ పోరు. మా అమ్మమ్మ వాళ్ళూరు పిఠాపురం పక్కన, అక్కడ ఒక చింతతోపుకి ఇలాగే చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళం. అందుకే నాకు ఆ ముసలాయన నడక చదవగానే ఒళ్ళు జలదరించింది, రక్తం తాగే పిశాచం వచ్చాక అంత భయం వెయ్యలేదు. చివర్లో అది కుస్తీ పోటీ అయిపోతుంది, నిజం చెప్పాలి.

అర్ధరాత్రి_చాయ్
హోవర్డ్‌దే ఇంకోటి 'పిజన్స్ ఫ్రమ్ హెల్', ఆయన పోయాక 1938 మేలో వచ్చింది. పాడుబడ్డ బంగళా, ఇద్దరు ఫ్రెండ్స్ రాత్రి అక్కడ పడుకుంటారు, పైనుంచి ఈల వినిపిస్తుంది, ఒకడు నిద్రలో నడిచినట్టు మెట్లెక్కి వెళ్తాడు. తిరిగి దిగొస్తాడు. ఎలా దిగొస్తాడో నేను చెప్పను, నేను అది రాత్రి ఒంటిగంటకి హాస్టల్ టెర్రస్ మీద చదివా, నీళ్ళ ట్యాంక్ మీద పావురం ఒకటి టపటపమంది, ఫోన్ కింద పడేశా, స్క్రీన్‌కి 2200 అయ్యింది.

కడప_కారందోశ
ఆ కథ మంచిదే కానీ నల్లవాళ్ళ గురించి వాడిన మాటలు ఇప్పుడు చదవలేం. విలన్లు మాత్రం బానిసల్ని హింసించిన తెల్ల దొరల కుటుంబమే, అది గమనించాల. లవ్‌క్రాఫ్ట్ అయితే ఇంకా ఘోరం, ఆయన భయమంతా వేరే జాతుల మీదే. హెరాల్డ్ లాంబ్ బాగా చదువుకున్న మనిషి, చరిత్ర తెలిసినోడు, ఆయన హీరో ఖ్లిత్ అనే కోసాక్, అంటే రష్యా, ఉక్రెయిన్ వైపు గుర్రపు యోధుడు, మొగలుల కాలం ఇండియాకి కూడా వస్తాడు, ఆ కథల్లో ఒకదాని పేరు 'ద బ్రైడ్ ఆఫ్ జగన్నాథ్'. దాంట్లో జగన్నాథుడి గుడి పూజారులే విలన్లు. రథం సీను వచ్చినప్పుడు నాకు కోపం వచ్చింది, పేజీ మాత్రం తిప్పకుండా ఉండలేకపోయినా. అదే బాధ.

గోదారి_మాస్టారు
అమ్మా మీరన్నది నిజం. టాల్బాట్ మండీ కూడా అంతే. ఆయన ఇక్కడ బ్రిటిష్ ఇండియాలో తిరిగిన మనిషే. మన దేశం మీద ఇష్టమూ ఉంది, దొరతనమూ ఉంది, ఒకే వాక్యంలో రెండూ కనపడతాయి. మా కాలంలో డిటెక్టివ్ పాకెట్ బుక్స్ చదివేటప్పుడు మేమూ ఇవేమీ పట్టించుకోలేదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు అద్దెకి తెచ్చుకుని, ఒక రాత్రిలో చదివి పొద్దున్నే ఇచ్చెయ్యాలి కదా, లేకపోతే ఇంకో పది పైసలు.

నల్గొండ_పోరడు
మాస్టారూ చిన్న డౌట్. మధుబాబు షాడో, అమెరికా పల్ప్‌ల షాడో అంటరు గదా, రెండూ ఒక్కటేనా?

గోదారి_మాస్టారు
పేరు ఒక్కటే నాయనా. వాళ్ళ షాడో రేడియోలో కథలు చెప్పే ఒక గొంతుగా మొదలయ్యాడు. జనం షాపులకెళ్ళి ఆ షాడో పత్రిక ఇవ్వండని అడుగుతుంటే లేని పత్రికని 1931 ఏప్రిల్లో పుట్టించారు. మాక్స్‌వెల్ గ్రాంట్ పేరుతో వాల్టర్ గిబ్సన్ రాశాడు, 325 నవలల్లో 280కి పైగా ఆయనవే. నెలకి రెండు. మనవాడు గూఢచారి, వాళ్ళవాడు నల్లకోటు వేసుకుని చీకట్లో నవ్వేవాడు.

అర్ధరాత్రి_చాయ్
నెలకి రెండు నవలలు... నేను నెలకి రెండు అసైన్‌మెంట్లు ఇవ్వలేకపోతున్నా.

బై ద వే ఇంకో వెరైటీ ఉంది, వియర్డ్ మెనేస్ అంటారు. 'డైమ్ మిస్టరీ' 1933 అక్టోబర్ నుంచి ఆ రూట్‌లోకి మారింది, తర్వాత టెర్రర్ టేల్స్, హారర్ స్టోరీస్. కథంతా దెయ్యం పిశాచం శాపం అని హడలగొట్టి చివరి పేజీలో ముసుగు తీస్తే ఆస్తి కోసం నాటకమాడిన మేనమామ. నాకైతే ఒళ్ళు మండుతుంది. దెయ్యం అని చెప్పి దెయ్యం చూపించకపోతే చీటింగ్ కేసు పెట్టాలి.

లోన్‌స్టార్_తెలుగు
చీటింగ్ అంటే గుర్తొచ్చింది, డబ్బుల సంగతి. వియర్డ్ టేల్స్ కథ తీసుకున్నప్పుడు కాదు, అచ్చయ్యాక ఇస్తానంటుంది. అచ్చయ్యాక కూడా సరిగ్గా ఇచ్చేది కాదు. 1935 మేలో హోవర్డ్ ఎడిటర్‌కి రాసిన ఉత్తరం ఉంది, మీరు నాకు 800 డాలర్లకి పైన బాకీ ఉన్నారు అని. అప్పటికి వాళ్ళమ్మ ఆస్పత్రి ఖర్చులు తడిసి మోపెడవుతున్నాయి. అందుకే చివరి రెండేళ్ళు కౌబాయ్ కథల వైపు ఎక్కువ వెళ్ళాడు, అక్కడ డబ్బు కాస్త టైముకి వచ్చేది. 'యాక్షన్ స్టోరీస్'లో బ్రెకిన్‌రిడ్జ్ ఎల్కిన్స్ అని కొండల్లో పెరిగిన ఒక మొద్దబ్బాయి కామెడీ కథలు, పోరడు తమ్ముడూ అవి చదువు, పడీ పడీ నవ్వుతావ్. ఒక మనిషి గొడవ ఆపడానికి వెళ్ళి ఊరినే కూలగొట్టేస్తాడు.

1936 జూన్ 11న వాళ్ళమ్మ ఇక స్పృహలోకి రాదని నర్సు చెప్పాక బయట కారులో కూర్చుని తుపాకీతో కాల్చుకున్నాడు. 30 ఏళ్ళు. లవ్‌క్రాఫ్ట్‌తో ఆరేళ్ళు ఉత్తరాలు రాసుకున్నారు, ఒక్కసారి కూడా కలవలేదు. మరుసటి ఏడాది మార్చిలో ఆయనా పోయాడు.

మా నాన్నగారు ఆ వరండా గదిలో ఇది విని ఏమీ మాట్లాడలేదు. బయటికొచ్చాక "వాళ్ళ నాన్న ఒక్కడే మిగిలాడా అయితే" అన్నారు. అంతే.

బెజవాడ_బుక్‌వార్మ్
😔

ఇవన్నీ చదవాలంటే ఎక్కడ దొరుకుతాయి? కొనాలంటే డాలర్లలో ఉన్నాయి.

కడప_కారందోశ
కొనాల్సిన పన్లేదు. 1929 దాకా అచ్చయినవాటికి అమెరికాలో కాపీరైట్ తీరిపోయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పల్ప్ మ్యాగజైన్ ఆర్కైవ్ అని సెక్షన్ ఉంది, ఆడ పత్రిక పేరు కొట్టి చూడు. ప్రకటనలతో సహా స్కాన్ చేసినారు. ప్రకటనలు వదలొద్దు, బట్టతలకి మందు, ఇంట్లో కూర్చుని రేడియో రిపేర్ నేర్చుకోండి, కండలు పెంచండి. మన పాత వీక్లీల వెనక అట్ట గుర్తొస్తాది.

నల్గొండ_పోరడు
దిబ్బ కథ చదివిన. అన్నా, లోపెజ్ చుట్టు తిరిగి పోయేకాడ నిజంగనే భయమైంది. కుస్తీకాడ నవ్వొచ్చింది. కానీ ఒప్పుకుంట, ఒక్కసారే కూసొని చదివిన, అన్నం చల్లారిపోయింది.

గోదారి_మాస్టారు
బుక్‌వార్మ్ గారూ, ఒక సంగతి మర్చిపోయా. ఆ అడ్వెంచర్ పత్రిక పాఠకులకి గుర్తింపు కార్డులు ఇచ్చేది. పేరుండదు, సీరియల్ నంబర్ మాత్రమే. ఈ మనిషికి ఎక్కడైనా ప్రాణం మీదికొస్తే ఫలానా నంబర్ అని మా పత్రికకి రాయండి, అయినవాళ్ళకి మేం కబురు చేస్తాం అని కొన్ని భాషల్లో అచ్చేసేవాళ్ళు. దేశాలు పట్టి తిరిగే పాఠకులు అంతమంది ఉండేవాళ్ళన్నమాట. అలాంటి పత్రిక బెజవాడ ఎలా చేరిందా అని నాకు ఆలోచన. బైండింగ్‌లో ఎక్కడైనా ముద్ర ఉందేమో చూడండి. వెనక అట్టకి లోపలివైపు.

బెజవాడ_బుక్‌వార్మ్
మాస్టారూ!! వెనక అట్ట లోపల ఒక కాగితం అంటుకుపోయి ఉంటే ఖాళీ కాగితమే అనుకున్నా. తడిగుడ్డ పెట్టి నిదానంగా లేపా. కిందేదో గళ్ళ కాగితం. సగం ముద్ర కనిపిస్తోంది, రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ అని చదవగలిగా, ఊరి పేరు చెదలు తినేసింది.

గోదారి_మాస్టారు
అనుకున్నా! ఆంగ్లో ఇండియన్ గార్డులు, డ్రైవర్లు ఉండేవాళ్ళు కదా, వాళ్ళ ఇన్‌స్టిట్యూట్లలో ఇంగ్లీష్ పత్రికలు తెప్పించి ఏడాదివి కలిపి బైండు చేయించేవాళ్ళు. గళ్ళ కాగితం మీద తేదీలేమైనా ఉన్నాయా?

బెజవాడ_బుక్‌వార్మ్
ఉన్నాయి. ఎడమవైపు తీసుకెళ్ళిన తేదీ, కుడివైపు ఇచ్చిన తేదీ. మొత్తం పదకొండు మంది తీసుకెళ్ళారు. చివరి వరుసలో ఎడమవైపు 1958 ఆగస్టు 9 అని ఉంది.

కుడివైపు ఖాళీ.

నల్గొండ_పోరడు
ఫైన్ ఎంతయిందో లెక్కగట్టి షాపాయనకి పంపు అన్నా 😂😂